ఎచింగ్ నీళ్లు మోరీలో పోస్తున్నారా? ఒక్క బోర్డు వెనక వెయ్యి లీటర్ల లెక్క ఉంది

పోయిన నెల ఖమ్మంలో మా ఖాలా ఇంటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. ఖాలా కొడుకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు, ఇది ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఇంట్లోనే సర్క్యూట్ బోర్డు తయారు చేసుకున్నాడు. పని అయ్యాక మిగిలిన నీళ్లలో సగం వంటింటి సింకులో పోశాడు. మిగతా సగాన్ని ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్‌లో నింపి సింకు కిందే పెట్టాడు. ఆ నీళ్ల రంగు ముదురు గోధుమ. దూరం నుంచి చూస్తే కూల్‌డ్రింకే అనుకుంటాం.

సాయంత్రం నానీ ఆ బాటిల్ తీసి, "బేటా, ఇది పాడైపోయిందా, పారేయనా?" అని అడిగింది. నయం, అడిగింది. అదే చోట మా ఆరేళ్ల మేనకోడలు ఉంటే అడిగేది కాదు, మూత తీసేది.

తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "ఏం కాదు భాయ్, మా క్లాసులో అందరూ మోరీలోనే పోస్తారు" అన్నాడు. నేను కామర్స్ చదివినవాణ్ని. కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. కానీ లెక్క నా సబ్జెక్టే. అందుకే ఆ నీళ్లలో ఏముంది, ఎంత ఉంది, ఎక్కడికి పోతుంది అని లెక్క వేశాను. మన ఇళ్లలో డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ లెక్క వాళ్లతో పాటు వాళ్ల అమ్మీ, అబ్బాలు కూడా చూడాలి.

అసలు ఈ నీళ్లేమిటి?

సర్క్యూట్ బోర్డు అంటే ఫైబర్ పలక మీద పల్చటి రాగి పొర. మనకు కావలసిన గీతల మీద మార్కర్‌తో రాస్తారు, లేదా ప్రింటు తీసిన నున్నటి కాగితాన్ని పెట్టి ఇస్త్రీ పెట్టెతో అంటిస్తారు. తర్వాత ఆ పలకను ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్లలో వేస్తే, సిరా లేని చోట రాగి కరిగిపోతుంది. సిరా కింద ఉన్న గీతలు మిగులుతాయి. దీన్నే ఎచింగ్ అంటారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఈ ఫెర్రిక్ క్లోరైడ్ పసుపు, గోధుమ రంగు గడ్డల రూపంలో ప్యాకెట్లలో దొరుకుతుంది.

లోపల జరిగేది ఇది. ఫెర్రిక్ క్లోరైడ్‌లోని ఇనుము రాగిని కరిగించి, తాను ఫెర్రస్ క్లోరైడ్‌గా మారుతుంది. కరిగిన రాగి కాపర్ క్లోరైడ్‌గా ఆ నీళ్లలోనే ఉండిపోతుంది. కాబట్టి బోర్డు మీద నుంచి పోయిన రాగి ఎక్కడికీ పోలేదు. అది సీసాలో ఉంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఫెర్రిక్ క్లోరైడ్‌ను నీటి శుద్ధి కేంద్రాల్లో మురికి పేరుకునేలా చేయడానికి కూడా వాడతారు. "అదేం విషం కాదు, నీళ్లు శుభ్రం చేయడానికే వాడతారు కదా" అని పిల్లలు వాదించేది దీన్ని పట్టుకునే. కొత్త ఫెర్రిక్ క్లోరైడ్ కూడా చర్మాన్ని, కళ్లను కాల్చే పదార్థమే. అయినా వాడిన నీళ్లకు, కొత్త నీళ్లకు అసలు తేడా రాగి. మురుగులో పోసినప్పుడు ఎక్కువ నష్టం చేసేది కరిగిన ఆ రాగే.

ఒక్క బోర్డు, వెయ్యి లీటర్లు

మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బోర్డు మీద మొత్తం రాగి 3 గ్రాముల పైచిలుకు. అందులో సగం కరిగిందనుకుందాం. అంటే గ్రామున్నర.

గ్రామున్నర అంటే చిటికెడే కదా అనిపిస్తుంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో రాగి 0.05 మిల్లీగ్రాములకు మించకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. ఇప్పుడు భాగించండి. గ్రామున్నర రాగిని ఆ పెద్ద పరిమితికి తేవడానికే 1,000 లీటర్ల నీళ్లు కావాలి. ఇంటి మీద ఉండే ఒక నల్ల ట్యాంకు అన్నమాట. చిన్న పరిమితికి తేవాలంటే 30,000 లీటర్లు, అంటే 30 ట్యాంకులు. సింకులో రెండు మగ్గులు పోసి "పల్చబడిపోయింది" అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

రాగి ఏం చేస్తుందో రైతు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. తోటల్లో తెగుళ్లకు కొట్టే మైలుతుత్తం రాగి లవణమే. శిలీంధ్రాన్ని, నాచును చంపుతుంది. చేపలకైతే చాలా కొద్ది మోతాదు కూడా ప్రమాదం. సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టేవి సూక్ష్మజీవులే. రాగి వాటిని కూడా వదలదు. సెప్టిక్ ట్యాంకు దాటి ఇంకుడు గుంతలోకి పోతే అక్కడి మట్టిని పట్టుకుని ఉండిపోతుంది. కూరగాయల తొక్కలా కుళ్లిపోయేది కాదు, లోహం. ఈ ఏడాది పోసింది వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది చేరుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల మోరీ ఆఖరికి చేరేది మూసీకి. మధ్యలో శుద్ధి కేంద్రం ఉన్నా అది లోహాన్ని మాయం చేయలేదు. కొంత బురదలో ఉంటుంది, కొంత నీళ్లతో పోతుంది. మూసీ దిగువన ఆ నీళ్లతోనే వరి, ఆకుకూరలు, బర్రెలకు వేసే గడ్డి పండిస్తున్నారు. మనం సింకులో పోసింది ఎవరి కంచం దాకా వస్తుందో ఆలోచించాలి.

ఇంకో నష్టం సొంత ఇంటికే. ఫెర్రిక్ క్లోరైడ్ లోహాన్ని తింటుంది. స్టీలు సింకుకు గుంటలు పడతాయి, ఇనుప పైపు తూట్లు పడుతుంది. ఖాలా సింకులో ఇప్పటికే గోధుమ రంగు మరక ఉంది, ఎంత తోమినా పోవడం లేదు.

పారబోసే ముందు ఆగండి, అది ఇంకా అయిపోలేదు

మా తమ్ముడు 100 గ్రాముల గడ్డను పావు లీటరు నీళ్లలో కలిపాడు. ఒక్క బోర్డు చేసి వదిలేశాడు. లెక్క ప్రకారం 100 గ్రాముల గడ్డ 11 నుంచి 12 గ్రాముల రాగిని కరిగించగలదు. చివరికి వచ్చేసరికి వేగం బాగా తగ్గుతుంది కాబట్టి సగం వరకే వాడుకోగలం అనుకుందాం. అయినా 5, 6 గ్రాములు. అంటే అలాంటి బోర్డులు మూడు, నాలుగు చేయొచ్చు. వాడు ఒక్కటి చేసి మిగతా మూడింటి సరుకు పారబోయడానికి సిద్ధమయ్యాడు.

మళ్లీ వాడుకోవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు.

ఒకటి, పని అయ్యాక నీళ్లను మందమైన ప్లాస్టిక్ సీసాలో పోసి పెట్టండి. మూత కూడా ప్లాస్టిక్‌దే ఉండాలి. అడుగున మడ్డి పేరుకుంటే, మళ్లీ వాడేటప్పుడు పైన తేరిన నీళ్లు మాత్రమే మెల్లగా వంచుకోండి.

రెండు, సీసా మీద ఖాతా రాయండి. ఇది మా కామర్స్ వాళ్ల పద్ధతి. ఏ తేదీన కలిపారు, ఎన్ని గ్రాములు, ఏ బోర్డుకు ఎన్ని నిమిషాలు పట్టింది. మొదటి బోర్డు పావుగంటలో అయిందనుకోండి. అదే సైజు బోర్డుకు వేడి చేసి కదిపినా గంట దాటుతోందంటే సరుకు అయిపోయినట్టు. రంగు కూడా చెబుతుంది. కొత్తగా ఉన్నప్పుడు తేనె రంగు, వాడిన కొద్దీ ఆకుపచ్చ కలిసిన నలుపు.

మూడు, నెమ్మదించిందని వెంటనే కొత్త ప్యాకెట్ విప్పకండి. వేడి నీళ్ల టబ్బులో ఎచింగ్ ట్రేను నిలబెట్టి, ట్రేను అటూ ఇటూ మెల్లగా ఊపితే చాలు, వేగం పెరుగుతుంది. స్టవ్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు చేటు.

నాలుగు, రాగిని తక్కువ కరిగించండి. బోర్డు మీద ఖాళీ జాగా మొత్తం తీసేయాల్సిన పని లేదు. గీతల చుట్టూ సన్నటి సందు వదిలి, మిగతా రాగిని అలాగే ఉంచి గ్రౌండ్‌గా వాడుకోవచ్చు. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంటుంది. కరిగే రాగి తగ్గితే నీళ్లు ఎక్కువ రోజులు వస్తాయి, చివర్లో పారేయాల్సిన విషమూ తగ్గుతుంది. చిన్న సర్క్యూట్ అయితే అసలు ఎచింగ్ లేకుండా చిల్లుల జీరో పీసీబీ మీదే చేసుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో చూసి కొందరు పిల్లలు టాయిలెట్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఎచింగ్ చేస్తున్నారు. త్వరగా అవుతుంది, నిజమే. కానీ దాన్నుంచి క్లోరిన్ గ్యాస్ వచ్చే ప్రమాదం ఉంది. మూత బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి సీసా పగలొచ్చు. గాలి ఆడని గదుల్లో, పిల్లలున్న ఇళ్లలో ఆ జోలికి పోవద్దు.

సీసా ఎక్కడ, దాని మీద ఏం రాయాలి

తాగే వస్తువు వచ్చిన బాటిల్‌లో ఎప్పుడూ పోయకూడదు. కూల్‌డ్రింక్ బాటిల్, షర్బత్ సీసా, తేనె సీసా, ఏదీ వద్దు. వంటింట్లో, బాత్రూంలో పెట్టొద్దు. తాళం వేసే అలమారాలో, ఒక ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. కారినా టబ్బులోనే ఉంటుంది. దాని ఆవిరికి దగ్గరున్న ఇనుప సామాను తుప్పు పడుతుంది కాబట్టి పనిముట్లు, తాళం చెవులు పక్కన పెట్టకండి.

లేబుల్ విషయం మాకు నానీ వల్ల తెలిసింది. తమ్ముడు రెండో సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాశాడు, ఇంగ్లిష్‌లో. నానీకి ఉర్దూ తప్ప చదవడం రాదు. పనికి వచ్చే ఆమెకు తెలుగే వచ్చు. మేనకోడలికి ఇంకా ఏదీ సరిగా రాదు. అంటే ఆ లేబుల్ చదవగలిగింది రాసినవాడొక్కడే, వాడికేమో అవసరం లేదు. ఇప్పుడు సీసా మీద ఉర్దూలో 'జహర్', తెలుగులో 'విషం' అని రాసి, చిన్నపిల్ల కోసం పుర్రె బొమ్మ వేయించాం. మీ ఇంట్లో ఎవరు ఏ భాష చదువుతారో చూసుకుని రాయండి.

పని చేసేటప్పుడు రబ్బరు గ్లౌజులు, కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. గడ్డలను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. అల్యూమినియం, స్టీలు గిన్నెలు వాడొద్దు. వాడిన ప్లాస్టిక్ ట్రే మళ్లీ వంటింట్లోకి రాకూడదు. బట్టల మీద పడితే మరక ఉండిపోతుంది. బ్లీచింగ్ ద్రవం ఉన్న చోట వాడొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

చర్మం మీద పడితే ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎవరైనా తాగితే నోరు కడిగించండి. వాంతి మాత్రం చేయించొద్దు, వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాలుస్తుంది. 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

నిజంగా అయిపోయాక ఏం చేయాలి?

అన్నిటికంటే మంచి దారి, అలాగే సీసాలో ఉంచి సరైన చోట అప్పగించడం. అది కుదరకపోతే, నీళ్ల రూపంలో ఉన్న విషాన్ని గట్టి పొడిగా మార్చి పెట్టుకోవచ్చు. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని, ఆరుబయటే చేయాలి.

పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. పావు లీటరు వాడిన నీళ్లకు ఒక లీటరు మామూలు నీళ్లు కలపండి. తినే సోడాను ఒక్కో చెంచా చొప్పున వేస్తూ ప్లాస్టిక్ గరిటెతో కలపండి. బుసబుసా నురగ వస్తుంది. అది ఆగాకే తర్వాతి చెంచా. 100 గ్రాముల గడ్డతో చేసిన నీళ్లకు దాదాపు 100 గ్రాముల సోడా పడుతుంది. ఆ మొత్తం పనిలో పాతిక లీటర్ల వరకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే ఈ పని సీసాలో చేసి మూత పెట్టడం అంటే పటాకా తయారు చేసినట్టే.

సోడా వేసినా నురగ రాకుండా ఉన్నప్పుడు పీహెచ్ పేపర్ ముంచి చూడండి. 8 దగ్గరికి వస్తే చాలు. ఇప్పుడు ఇనుము, రాగి రెండూ బురదలా విడిపోయి ఒకటి రెండు రోజుల్లో అడుగున పేరుకుంటాయి. పైన నీళ్లు తేరుకుంటాయి. వాటిలో నీలి రంగు కనిపిస్తే రాగి ఇంకా నీళ్లలోనే ఉందని అర్థం.

చాలామంది ఇక్కడ పైనున్న నీళ్లు పారబోసి, బురద చెత్తబుట్టలో వేస్తారు. రెండూ వద్దు. కంటికి తేటగా కనిపించినంత మాత్రాన రాగి లేదని చెప్పలేం, మన దగ్గర పరీక్ష చేసే పరికరం లేదు. మన దగ్గర ఉన్నది ఎండ. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో మొత్తం పోసి, పిల్లలు, పిట్టలు ముట్టకుండా జాలీ కప్పి మేడ మీద పెట్టండి. వాన పడకుండా చూసుకోండి. మన వేసవికి కొన్ని రోజుల్లో నీళ్లు ఆవిరై గుప్పెడు పొడి మిగులుతుంది. గ్లౌజులు, మూతికి మాస్కు వేసుకుని, ఆ పొడిని రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, డబ్బాలో పెట్టి, అదే మూడు రకాల లేబుల్ అంటించండి. ఏడాదంతా బోర్డులు చేసినా ఒక చిన్న డబ్బా నిండదు. పాడయ్యేది కాదు, అప్పగించే దారి దొరికే దాకా ఉంచుకోవచ్చు.

ఎవరికి అప్పగించాలి?

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే ఇంటి చెత్తను తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలుగా వేరు చేయాలని రాశారు. ఈ మూడో రకం కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రాన్ని స్థానిక సంస్థలు పెట్టాలని కూడా అందులో ఉంది. మీ మున్సిపాలిటీలో అది ఎక్కడుందో అడగడం మీ హక్కు. లేదంటే ఎందుకు లేదని వార్డు సభ లోనో, కౌన్సిలర్‌నో అడగండి. అడిగేవాళ్లు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. అవి ముఖ్యంగా ఫ్యాక్టరీల వ్యర్థాల కోసం. ఒక సీసా పట్టుకుని వెళ్లే చోట్లు కావు. అందుకే విద్యార్థులకు దగ్గరి దారి కాలేజీ. ల్యాబ్‌లోనే ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టి, అందరి వాడిన నీళ్లు, పొడి అందులో చేర్చి, సంస్థ తరఫున పంపించడం ఒక్కో విద్యార్థి చేసేదానికంటే సులువు.

దీనికీ ఒక లెక్క ఉంది. క్లాసులో 60 మంది, నలుగురికో ప్రాజెక్టు అంటే 15 బోర్డులు. ఎవరికి వారు 100 గ్రాముల ప్యాకెట్ కొంటే కిలోన్నర సరుకు. 15 బోర్డుల్లో కరిగే రాగి 22, 23 గ్రాములు. దానికి 400 గ్రాములు చాలు. అంటే 15 ప్యాకెట్ల పని 4 ప్యాకెట్లతో అయిపోతుంది, అదీ ఒకే ట్రేలో, లెక్చరర్ కళ్ల ముందు. డబ్బు మిగులుతుంది, 15 ఇళ్ల సింకుల కింద 15 బాటిళ్లు ఉండవు.

మా తమ్ముడు ఈ లెక్కనే కాగితం మీద రాసుకుని వాళ్ల ల్యాబ్ సార్ దగ్గరికి తీసుకెళ్లాడు. డ్రమ్ము పెట్టే విషయం వచ్చే సెమిస్టర్‌లో చూద్దామన్నారట. అందాకా వాడి సీసా అలమారాలో, తాళం వెనక ఉంది. దాని మీద ఖాతాలో రెండో బోర్డు ఎక్కింది, 22 నిమిషాలు.